తోక చదివే బావ

మా బావకి అచ్చులో కనిపించిన ఏ మాట మీదా నమ్మకం లేదు. నమ్మకం లేకపోవడమంటే మీకూ నాకూ ఉన్నంత కాదు. మందు సీసా మీద "తాగే ముందు బాగా కుదపండి" అని ఉంటే, కుదపమన్నదెవరు, కుదిపితే వాళ్ళకేం లాభం అని కాసేపు ఆలోచించి, కుదపకుండా తాగుతాడు. గోడ మీద "ఇక్కడ కాగితాలు అంటించరాదు" అన్న కాగితం కనిపిస్తే, "మరి ఇదేమిటి?" అని దాన్నే అడుగుతాడు.

"అచ్చయినదేదీ నమ్మకోయ్. అచ్చు వేసినవాణ్ణి చెబుతున్నాను," అంటాడు నాతో.

ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దాడు. వేల పుస్తకాలు ఆయన కళ్ళ కింద నుంచే లోకంలోకి వెళ్ళాయి. వాటిలో ఒక్కదాని కథ కూడా ఆయనకు తెలియదు. నాదేమో కాలు నిలవని జబ్బు. ఊళ్ళు పట్టుకు తిరగడం, ఏ రైల్లోనో పడవలోనో ఓ మూల కూర్చుని దొరికిన పుస్తకమల్లా చదవడం, అదే నా బతుకు. తిరిగి తిరిగి అక్కయ్య ఇంటికి చేరినప్పుడు, చదివినదాని గురించి ఎవరితోనైనా చెప్పుకోవాలని నాలుక పీకేది. బావ దగ్గర కూర్చునేవాణ్ణి.

"బావా, ఆ ముగ్గురన్నదమ్ముల నవల చదివాను. ఎంత గొప్పగా రాశాడో."

"నూట పన్నెండో పేజీ," అన్నాడు ఆయన వెంటనే.

"ఆ పేజీలో ఏముంది?"

"'తండ్రి పోయిన మర్నాడే కొడుకులు ముగ్గురూ ఆయన అస్థి పంచుకున్నారు' అని కంపోజింగులో పడింది. ఆస్తి అని ఉండాలి. నేను పట్టుకోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పెద్దాయన ఏమైపోను?"

"అది సరే, కథ ఎలా ఉంది?"

"కథ చూసే తీరిక ఎక్కడిదోయ్. పంచుకున్నది ఆస్తో అస్థో తేల్చేసరికే సాయంత్రమైంది."

ఉద్యోగం నుంచి దిగాక దిద్దడానికి ప్రూఫులు లేక ఆయన కళ్ళు బజారు మీద పడ్డాయి. ఇంటికొచ్చే ప్రకటన కాగితాలు, డబ్బాల మీద అంటించిన చీటీలు, వాటిలోని ధరలు, ధరల పక్కన నక్షత్రం చుక్కలు, ఆ చుక్కల అర్థం చెప్పే చీమతలకాయంత అక్షరాలు, వీటిని పొద్దున్నే ఎర్ర పెన్సిలు పట్టుకుని దిద్దేవాడు. నేనోసారి ఆయనకో రేవు బజారు సంగతి చెప్పాను. అక్కడ ధర నోటితో అనరు, కాగితం మీద రాయరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని ఒకరి వేళ్ళు ఒకరు నొక్కుకుంటారు. బేరం కుదిరిందో లేదో తువ్వాలుకి తప్ప మూడోవాడికి తెలియదు. వింటూంటే బావ కళ్ళు చెమర్చాయి.

"నిజాయితీ అయిన బజారోయ్ అది. అబద్ధమాడవచ్చు గానీ, అచ్చు వేయడానికి వీల్లేదు."

ఆ రోజుల్లోనే అక్కయ్య ఇంట్లో బట్టలుతికే మెషీను పోయింది. పద్నాలుగేళ్ళు తిరిగి తిరిగి, ఒక మంగళవారం నాడు ఆంబోతులా రంకె వేసి, స్నానాల గది లోంచి వంటగది గుమ్మం దాకా నడిచి వచ్చి, అక్కడ నిలబడిపోయింది. బాగుచేసేవాడు వచ్చి, మూత తీసి చూసి, టోపీ తీశాడు. కొత్తది కొనాలి.

"రేపే కొనేద్దాం," అన్నాడు బావ.

ఆ రేపు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చాలా రోజులు అక్కయ్యే బట్టలు చేత్తో ఉతికింది. దుప్పట్లు పిండే పని మాత్రం బావకీ నాకూ పడింది. పెరట్లో ఆయనో కొసా నేనో కొసా పట్టుకుని, ఆయన ఇటూ నేనటూ మెలిపెడుతూంటే, అరవై దాటిన ఇద్దరం ఏదో పాత కక్ష తీర్చుకుంటున్నట్టు ఉండేదట. పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూసేవాళ్ళు.

ఆయన ఆ మాటన్న మర్నాడే వెంట నేనూ షాపుకి వెళ్ళాను. పెద్ద వీధిలో ఎదురెదురుగా రెండు పెద్ద ఎలక్ట్రానిక్ షాపులున్నాయి. మేం వెళ్ళినదాని నెత్తిమీద మనిషంత అక్షరాలతో బోర్డు: "ఇదే సరుకు ఇంతకన్నా తక్కువకు ఎక్కడైనా చూపించండి, అదే ధరకు ఇస్తాం." చివర ఒక చుక్క. బావ బోర్డు వంక చూడనైనా చూడలేదు. చుక్క ఎక్కడికి పోతుందో వెతుక్కుంటూ వెళ్ళి, లోపల మూడో స్తంభం వెనక, మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన, దాని అర్థం పట్టుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని చదివాడు.

"'మోడల్ నంబరు చివరి అక్షరం దాకా కలిసిన యెడల మాత్రమే.' చూశావా? తేలుకి కొండిలో ఉంటుంది, వీళ్ళకి తోకలో ఉంటుంది."

"తోకేమిటి బావా?"

"నంబరు చివరి అక్షరమోయ్. మెషీను ఒకటే, మోటారు ఒకటే, తయారుచేసినవాడు ఒకడే. ఈ షాపుకి పంపేటప్పుడు చివర సున్నా పెడతాడు, ఆ షాపుకి పంపేటప్పుడు ఇంగ్లీషు ఓ పెడతాడు. ఇక రెండూ ఎప్పటికీ కలవవు. కలవకపోతే ధర తగ్గించక్కర్లేదు. సున్నకు సున్న, హళ్ళికి హళ్ళి."

షాపు వెనక మూలన ధరలు సరిపోల్చే కౌంటరుంది. అక్కడ యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు కూర్చుని ఉన్నారు. ముందు రెండు స్టాంపులు. ఎడమచేతి వైపుది "కలిసింది", కుడిచేతి వైపుది "కలవలేదు". మనం ఎదురు షాపు ప్రకటన ఇవ్వాలి, ఇక్కడి సరుకు మీది చీటీ ఇవ్వాలి. ఆవిడ రెండూ పోల్చి, ఒక స్టాంపు వేస్తారు. బావ రెండు కాగితాలూ ఇచ్చాడు. ఆవిడ వాటిని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. ఎడమచేతి స్టాంపు ఎత్తి టక్కున వేశారు. కలిసింది.

మరొకరైతే ఆ కాగితం లాక్కుని పరుగెత్తేవాళ్ళు. అడగందే అమ్మైనా పెట్టదు, అలాంటిది షాపు పెట్టింది. బావ కదల్లేదు.

"ఎలా కలిసిందమ్మా?"

"కలిసింది కదా సార్. తక్కువ ధరకే ఇస్తాం."

"కలవలేదు. ఇది సున్నా, ఇది ఓ. సున్నా సన్నగా ఉంటుంది, ఓ బొద్దుగా ఉంటుంది."

"సార్, మీకు లాభమే కదా?"

"అందుకే అడుగుతున్నాను. నాకు లాభం వచ్చే తప్పు మీరెందుకు చేశారు?"

వెనక లైన్లో ఉన్నవాళ్ళు మెడలు సాచారు. నేను బావ చొక్కా పట్టి లాగాను. ధర తగ్గించండి బాబూ అని పోట్లాడేవాళ్ళని నేను నాలుగు సముద్రాల ఒడ్డున చూశాను గానీ, నాకు తగ్గించడానికి వీల్లేదని పోట్లాడిన మనిషిని ఆ రోజే చూడడం.

ఆవిడ ముందుకి వంగి గొంతు తగ్గించారు. "నెమ్మదిగా సార్, మీకు పుణ్యముంటుంది. ఇప్పటికే నా పేరు మీద రెండు తప్పులు పడ్డాయి. మూడోది పడితే ఇంటికి పంపించేస్తారు."

బావ ఆవిడ మొహంలోకి చూశాడు. స్టాంపు వేసిన కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు.

"మెషీను రంగు నచ్చలేదు. రేపొస్తాను," అన్నాడు.

అది తెల్లది. బట్టలుతికే మెషీన్లన్నీ తెల్లవే.

ఇంటికి వచ్చేదారిలో నాకు ఒకటే దిగులు. ముప్పై ఎనిమిదేళ్ళు తప్పులు పట్టిన మనిషికి, రెండు తప్పులు చేసి మూడోదాని అంచున నిలబడిన మనిషి దొరికింది. ఇక వదులుతాడా?

మర్నాడు పదిన్నరకు బావ నున్నగా గడ్డం గీసుకుని, చంకలో ప్రకటనల కట్ట పెట్టుకుని షాపుకి వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. వారానికి ఆరు రోజులు, షాపు తీసినప్పుడు వెళ్ళి, కౌంటరు మూసేవేళకి వచ్చేవాడు. మెషీను మాత్రం రాలేదు.

"ఇవాళ ఏమైందండీ?" అనేది అక్కయ్య.

"తలుపు ఎడమవైపుకి తెరుచుకుంటోంది."

ఇంకో రోజు, "శబ్దం వినయంగా లేదు." మరో రోజు, "వారంటీ కాగితంలో రెండు కామాలు ఎక్కువున్నాయి."

అక్కయ్య సబ్బునీళ్ళలో చేతులు పెట్టుకునే నన్ను పిలిచింది. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఊళ్ళన్నీ తిరుగుతావు గదా, ఆ వీధి దాకా కూడా ఒకసారి తిరిగిరా. ఈయన అక్కడేం చేస్తున్నాడో చూడు. గడ్డం గీసుకుని మరీ వెళ్ళేటంత పని ఏముందక్కడ?"

"నీ అనుమానం అదా అక్కా?"

"ఈ వయసులో అదెందుకురా. నా పెళ్ళికే సరిగ్గా గీసుకోలేదు. ఇప్పుడు గీసుకుంటున్నాడంటే అంతకంటే పెద్దదేదో ఉండాలి."

నేను వెళ్ళి టీవీల వరస వెనక నక్కాను. బావ కౌంటరుకి పక్కగా, లైన్లో ఉన్నట్టూ లేనట్టూ నిలబడి ఉన్నాడు. ఫ్రిజ్ కోసం వచ్చిన ఒక భారీ మనిషి ఆవిడకి కాగితాలు ఇస్తున్నాడు. బావ తల ఆయన భుజం మీద నుంచి బయటికి వచ్చింది.

"ఏదీ, మీ ప్రకటన ఇలా చూపించండి."

"మీరెవరు?"

"లైన్లో ఉన్నవాణ్ణి."

"లైన్లో ఉంటే వెనక నిలబడాలి గానీ, నా చంకలో దూరతారేంటండీ?"

"ఇది ఎనిమిది అనుకుని వచ్చారేమో. కాదు, బి. వీపు నిటారుగా ఉంటే బి. వీపు గూనిగా ఉంటే ఎనిమిది. మీ కాగితం మీద బి, ఫ్రిజ్ చీటీ మీద ఎనిమిది. కలవదు." ఈ మాటలు ఆయన షాపు మొత్తానికి వినపడేలా అన్నాడు.

"అది చెప్పడానికి ఆవిడ ఉన్నారు కదా?"

"చెప్పనివ్వండి మరి. ఏమమ్మా, కలిసిందా?"

ఆవిడ కుడిచేతి స్టాంపు వేశారు. "కలవలేదండీ."

భారీ మనిషి బావని కిందికీ పైకీ చూశాడు. "మీరు షాపువాళ్ళ మనిషి కదూ? ఎంతిస్తున్నారు మీకు?"

తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది. గాలి పంకా కోసం. బావ ఆమె కాగితం మీదా పడ్డాడు. "ఎస్ అనుకునేరు. ఐదు. ఐదుకి టోపీ ఉంటుంది. ఇక్కడా టోపీ, అక్కడా టోపీ. కలిసింది, కలవలేదంటే నేనూరుకోను." ఎడమచేతి స్టాంపు టక్కుమంది. టీచరమ్మ డబ్బు మిగిలినందుకు సంతోషించి, ఈయనెవరో తన వెంట ఇంటిదాకా వస్తాడేమోనని భయపడి, గబగబా వెళ్ళిపోయింది.

నాకు ఒక్క సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. కౌంటరు ఆవిడ చెయ్యి, ప్రతిసారీ, బావ నోరు విప్పేదాకా గాల్లోనే ఆగిపోతోంది. పిల్లి ముందు ఎలుకలా ఆగిపోతోంది. పాపం, ఆయనంటే ఆవిడ హడలిపోతున్నారనుకున్నాను.

నా భుజం మీద ఎవరో వేలితో తట్టారు. షాపు మేనేజరు. చెవిలో ఏదో పెట్టుకుని ఎప్పుడూ గాలితో మాట్లాడే కుర్రతనం పోని మనిషి.

"మీరు ఆ తోక మాస్టారి తాలూకే కదా?"

"ఎవరి తాలూకు?"

"అదే, రోజూ వచ్చి నంబర్ల తోకలు చదువుతాడే. మా స్టాఫంతా అలాగే పిలుస్తారు. నిజం చెప్పండి. ఎదురు షాపువాళ్ళు పంపారా?"

"లేదండీ, మా అక్కయ్య పంపింది. బట్టలుతికే మెషీను కోసం."

"నెల రోజుల నుంచి ఒక్క మెషీను కోసమా?" అని ఆయన నవ్వాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. నిజం చెప్పినప్పుడే నా మొహం దొంగమొహంలా ఉంటుంది, సరిహద్దుల దగ్గర నన్ను ఆపనివాళ్ళు లేరు. "ఆవిడకీ ఆయనకీ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉంది. ఆయన కేకేస్తాడు, ఈవిడ స్టాంపేస్తుంది. రేపు నేనే కూర్చుని చూస్తాను. ఒక్క తప్పు దొరకనివ్వండి, చాలు."

అలా కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన షాపు మనిషనుకున్నారు. షాపువాళ్ళు ఎదురు షాపు మనిషనుకున్నారు. నేను తప్పుల వేటగాడనుకున్నాను. ఇంటికి వచ్చి చూసిందంతా అక్కయ్యకి చెప్పాను.

అక్కయ్య చేతులు తుడుచుకుంది. "ఒక ఆడమనిషి కూడు పోగొట్టడానికా గడ్డం గీసుకుంటున్నాడు? రేపు నేను వస్తాను. చెవి పట్టుకుని లాక్కొస్తాను."

మర్నాడు మేం వెళ్ళేసరికి నేల మీద కౌంటరుకి పది అడుగుల దూరంలో పసుపు పట్టీ అంటించి ఉంది. పట్టీకి అవతల బావ. పక్కన ఒక సెక్యూరిటీ గార్డు. మేనేజరు కౌంటరు పక్కనే కుర్చీ వేసుకుని, చేతిలో ఐదు జతల కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు.

"కొనేవాళ్ళు తప్ప పట్టీ దాటకూడదు. పెద్దాయన నోరు విప్పితే బయటికి పంపించెయ్," అన్నాడు గార్డుతో. తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "ఇవి ఐదూ నేను ఎంచి తెచ్చాను. ఇప్పుడు నా ముందర స్టాంపు వెయ్యండి. ఇప్పటికి రెండు తప్పులున్నాయి, గుర్తుందిగా."

ఆవిడ మొదటి జత అందుకున్నారు. కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నారు. దూరం పెట్టారు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నారు. దీపం వైపు తిప్పారు. అప్పుడు నా మట్టిబుర్రకి తట్టింది. ఆవిడ చెయ్యి ఆగుతున్నది బావకి భయపడి కాదు. ఆవిడకి ఆ అక్షరాలు కనపడవు.

బావ అరచేత్తో నోరు మూసుకుని ఉన్నాడు. అక్కయ్య వైపు చూశాడు. ఆ చూపేమిటో నాకు తెలియదు. వాళ్ళది వేరే లెక్క. ముద్రణాలయంలో పని ఎక్కువైనప్పుడు ఆయన ప్రూఫులు ఇంటికి తెచ్చుకునేవాడు. అక్కయ్య అసలు రాతప్రతి పట్టుకుని కామాలతో సహా గట్టిగా చదువుతూంటే, ఆయన అచ్చుకాగితం మీద దిద్దుకునేవాడు. పిల్లలకి పాలు పడుతూ కూడా చదివేదామె. ఆయన ఎక్కడ తడబడ్డాడో వెనక్కి తిరిగి చూడకుండానే తెలుసుకునేది.

చెవి పట్టుకుందామని వచ్చిన అక్కయ్య భర్తని దాటుకుని, గార్డుని దాటుకుని, పసుపు పట్టీని తొక్కుకుంటూ వెళ్ళి, ఆవిడ చేతిలోంచి కాగితాలు తీసుకుంది.

"ఏదీ, ఇలా ఇవ్వమ్మా. నేనూ ఈ మెషీనే కొనాలి." గొంతెత్తింది. "ప్రకటన కాగితం. చివర, సున్నా. సన్నగా ఉంది. మెషీను చీటీ. చివర, సున్నా. ఇదీ సన్నగానే ఉంది."

ఎడమచేతి స్టాంపు టక్కుమంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు మేనేజరు.

"కొనేదాన్ని. మీ గార్డునడుగు. కొనేవాళ్ళు దాటొచ్చని నువ్వే అన్నావుగా బాబూ."

"అయితే అంత గట్టిగా చదవడమెందుకు?"

"నాకు కాస్త చెవుడు. గట్టిగా చదివితే గానీ నాకే వినపడదు. రెండోది ఇటివ్వు. ప్రకటన. చివర బి." బావ వైపు ఒక చూపు. బావ వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాడు. "అవును, బి. చీటీ. చివర ఎనిమిది." బావ గూని పెట్టాడు. గార్డు ఆయనకి నడుంనొప్పి అనుకుని స్టూలు తెచ్చిచ్చాడు. "అవును, ఎనిమిది."

కుడిచేతి స్టాంపు.

పది అడుగుల దూరం నుంచి ఆ కాగితం మీది అక్షరం బావకెలా కనిపించిందని మీరడగవచ్చు. కనిపించలేదు. అక్కయ్య ముందే చదివేసింది. ఆయన వంగిందీ లేచిందీ అలవాటుకొద్దీ.

ఐదు జతలయ్యాయి. ఐదూ సరిపోయాయి. మేనేజరు కాగితాలు తిరగేసి చూశాడు, బోర్లించి చూశాడు. ఎక్కడో మోసముందని ఆయనకి తెలుసు, ఎక్కడుందో మాత్రం అంతుపట్టలేదు. చెవిలోదానితో ఏదో గొణుక్కుంటూ లేచిపోయాడు. కౌంటరు ఆవిడ అక్కయ్య చేతిని ఒక్క క్షణం పట్టుకుని వదిలేశారు.

దారి పొడుగునా అక్కయ్య ముందు నడిచింది, మేమిద్దరం వెనక. మలుపు తిరిగాక ఆగింది.

"మొదటిరోజే తెలుసా మీకు?"

"అనుమానం వచ్చింది," అన్నాడు బావ. "నాకు లాభమొచ్చే తప్పు షాపువాళ్ళు కావాలని చెయ్యరు కదా. కావాలని చెయ్యలేదంటే మోసం కాదు. మోసం కాకపోతే ఇక మిగిలింది చూపే. మర్నాడు వెళ్ళి చూశాను. రెండు కళ్ళలోనూ పొరలు. ఆపరేషన్ చేయించుకోవాలి, దానికి సెలవు కావాలి. చేరి ఏడాది నిండితే గానీ అక్కడ జీతంతో సెలవివ్వరట. ఇంకా పన్నెండు రోజులుంది."

"ఇవన్నీ ఆవిడ చెప్పిందా?"

"ఎందుకు చెబుతుంది. స్టాఫు భోజనాల గది గోడ మీద సెలవుల నిబంధనలూ, ఎవరెప్పుడు చేరారో జాబితా అచ్చువేసి పెట్టారు. చదివాను. అందులో నాలుగు తప్పులున్నాయి."

"మరి మీరు చదివేది తనకోసమని ఆవిడకి తెలుసా బావా?" అన్నాను.

"ఏమో. నేను పోట్లాడతాను, ఆవిడ వింటుంది. ఇందులో తెలియడానికేముంది?"

"నాకు చెప్పడానికేమైందండీ?" అంది అక్కయ్య.

"చెబితే వెళ్ళి మెషీను కొనెయ్యమంటావు. కొనేస్తే ఇక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? గడ్డం గీసుకోకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాడు ఆ గార్డు, ఏదో ఒకటి కొనే మొహంలా ఉండాలట."

అక్కయ్య కొంగు నడుముకి దోపుకుంది. "మిమ్మల్నిక పట్టీ దాటనివ్వరు. ఈ పన్నెండు రోజులూ నేను వెళ్తాను. బట్టలు మీరిద్దరూ ఉతకండి."

ఉతికాం. ఆ పన్నెండు రోజుల్లో బావ తెల్ల చొక్కాలు రెండు నీలమయ్యాయి, నా లాగు ఒకటి మోకాళ్ళ దాకా వచ్చింది. సబ్బుపొడి డబ్బా మీద "ఒక చెంచా చాలు" అని అచ్చువేసి ఉంది. బావ నమ్మలేదు. ఆ సాయంత్రం పెరట్లోంచి నురగ వీధిలోకి వెళ్ళింది. అక్కయ్య మాత్రం రోజూ ఒక మెషీను చీటీ పట్టుకుని వెళ్ళి, నాలుగు గంటలు గట్టిగా చదివి, గొంతు బొంగురుపోయి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చేది. చెవుడావిడ వచ్చిందంటే కొనేవాళ్ళే దారి ఇచ్చేవారట.

ఏడాది నిండింది. సెలవు దొరికింది. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను. ఈలోగా నేను మరో రెండు ఊళ్ళు తిరిగొచ్చాను. వచ్చేసరికి పాత మెషీను ఇంకా వంటగది గుమ్మంలోనే నిలబడి ఉంది, దాని మీద పూలకుండీ పెట్టారు.

"ఇవాళ ఆవిడ పనిలోకి వస్తోందోయ్. పద," అన్నాడు బావ.

ఆవిడ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. పసుపు పట్టీ చిరిగి, సగం ఊడిపోయి ఉంది. బావ లైన్లో సరిగ్గా వెనకే నిలబడి, తన వంతు వచ్చాక, ఎదురు షాపు ప్రకటనా, మెషీను చీటీ రెండూ ముందు పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. మేనేజరు దూరం నుంచి చూసి, గబగబా వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాడు.

ఆవిడ అద్దాలు తీశారు. కాగితాలు బల్ల మీదే ఉంచి, మామూలు దూరం నుంచి, ఒక్కసారి చూశారు.

"ఇది ఒకటి సార్. అది ఇంగ్లీషు ఐ. దానికి కింద పీట ఉంది. కలవదు."

కుడిచేతి స్టాంపు టక్కుమంది.

నేను బావ మొహంలోకి చూశాను. ముప్పై ఎనిమిదేళ్ళు అక్షరాలతో కాపురం చేసిన మనిషి ఒకటికీ ఐకీ తేడా తెలియకుండా కాగితం తెస్తాడా అని నాకు అనుమానం. వయసు మీదపడుతోంది కదా, తెచ్చినా తెస్తాడేమో అని ఇంకో అనుమానం. ఈ రెంటిలో ఏది నిజమో ఇప్పటిదాకా ఆయన చెప్పలేదు.

"కలవలేదంటారా?" అన్నాడు.

"కలవలేదు సార్. వేరే మోడలు. తగ్గించడం కుదరదు." అని ఆవిడ స్టాంపు కింద పెట్టి, "ఏమీ అనుకోకండి," అన్నారు.

"అనుకోవడానికేముందమ్మా. అయితే పూర్తి ధరకే బిల్లు వెయ్యండి."

మేనేజరు మొహం పాలిపోయింది. "పూర్తి ధరకా? ఎందుకు? ఏమిటి మీ ప్లాను?"

"బట్టలుతకాలి."

మేనేజరు బావ ఇచ్చిన నోట్లన్నీ తానే తీసుకుని, ఒక్కొక్కటీ దీపానికి ఎత్తి పట్టుకుని చూశాడు. అవి మంచి నోట్లే అయ్యేసరికి ఆయన భయం ఇంకా ఎక్కువైంది. మెషీను బండికెక్కించేటప్పుడు కూడా వీధిలోకి వచ్చి, ఎదురు షాపు వైపు తొంగిచూస్తూ నిలబడ్డాడు.

ఇంటి దగ్గర అక్కయ్య వీధి గుమ్మంలోనే ఎదురైంది. బండి మీది పెట్టెని చూసింది, బావని చూసింది. ఆయన అంత హుషారుగా ఉండడం పెళ్ళినాటి నుంచీ ఎప్పుడూ చూడలేదని తర్వాత నాతో అంది.

"అంత సంతోషంగా ఉన్నారంటే బాగానే తగ్గించి ఉంటుంది. ఎంత తగ్గించింది?"

"దమ్మిడీ తగ్గించలేదు," అన్నాడు బావ, ఛాతీ విరుచుకుని. "చూపు అంత బాగా వచ్చింది ఆవిడకి."